సరదాగా నేర్చుకునేవారికి మాండొలిన్: ఎంపిక, శ్రుతి, తొలి సాధన

మాండొలిన్ కొనబోయేవారి చూపు ముందుగా దాని ఒంపుల మీదా మెరుగు మీదా పడుతుంది. నిజానికి ముందు చూడవలసింది తీగలకూ మెట్లకూ మధ్య ఉన్న ఎడం. ఈ వాద్యంలో ఎనిమిది తీగలు జతలు జతలుగా నాలుగు వరుసల్లో ఉంటాయి. మెడ పైకొసన ఉండే నట్ నుంచి, పై పలక మీద తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జి దాకా వాటి పొడవు సుమారు 35 సెంటీమీటర్లే కనుక, అంత పొట్టి తీగ పై స్థాయిలో పలకాలంటే దానిని గట్టిగా బిగించక తప్పదు. మధ్యరకం మందం ఉన్న తీగలు వేస్తే ఎనిమిదింటి లాగుడూ కలిసి దాదాపు 80 కిలోలకు చేరుతుంది. పైగా ఒక్కో వేలు ఒకేసారి రెండు తీగలను నొక్కాలి. అందుచేత ఆ ఎడం కాస్త ఎక్కువైనా పది నిమిషాలకే వేలికొనలు మండిపోతాయి. తమ వేళ్ళకు ఈ వాద్యం లొంగదని చాలామంది దానిని అటకెక్కిస్తారు గాని, తప్పు చాలావరకు వేళ్ళది కాదు, సరిచేయకుండా అమ్మిన వాద్యానిది.

పన్నెండో మెట్టు దగ్గర, మెట్టు పైభాగం నుంచి తీగ అడుగుభాగం దాకా ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంటే కొత్తవారి చేతికి హాయిగా ఉంటుంది. తరువాత నట్ చూడాలి. రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య తీగను నొక్కి పట్టి, మొదటి మెట్టు మీద తీగకు కింద ఎంత సందు ఉందో గమనిస్తే, అది కాగితం దూరేంత మాత్రమే ఉండాలి. అంతకు మించి ఉంటే నట్ గాడులు లోతు చాలలేదని అర్థం. మొదటి రెండు మెట్ల మీద వేళ్ళు నొప్పి పెట్టడమే కాకుండా స్వరం కూడా పైకి పోతుంది. ఇది సన్నని ఆకురాయితో అనుభవజ్ఞులు కొద్దిసేపట్లో చేసే పని కాబట్టి, వాద్యం ధరతో పాటు ఈ మరమ్మతు ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోవడం మంచిది. ఆ తరువాత ప్రతి తీగ మీదా ప్రతి మెట్టునూ ఓపికగా నొక్కుతూ మీటి, ఎక్కడైనా జీరగా పలుకుతుందేమో వినాలి.

మాండొలిన్ బ్రిడ్జి సాధారణంగా అతికించి ఉండదు; తీగల ఒత్తిడికే పలక మీద నిలిచి ఉంటుంది. కాబట్టి అది తన చోట ఉన్నదో లేదో పరీక్షించాలి. పన్నెండో మెట్టుకు సరిగ్గా పైన తీగను వేలితో తాకీ తాకనట్టు ఉంచి మీటి, వెంటనే వేలు తీసేస్తే గంట మోగినట్టు సన్నని నాదం వస్తుంది. అదే మెట్టును నొక్కి మీటినప్పుడు వచ్చే స్వరం దానితో కలవాలి. నొక్కిన స్వరం ఎక్కువ శ్రుతిలో పలికితే బ్రిడ్జిని నట్‌కు దూరంగా, తక్కువ శ్రుతిలో పలికితే నట్ వైపుకు వెంట్రుకవాసి జరపాలి. జరిపే ముందు తీగలను కొద్దిగా సడలించడం మరవరాదు.

ఇక ఆకారం సంగతి. ఇటలీలోని నేపుల్స్ నుంచి వచ్చిన పాత పద్ధతి వాద్యానికి వెనుక భాగం దోసెడు పట్టినట్టు గుండ్రంగా ఉంటుంది; ఒళ్ళో జారిపోతుంది, కాని నాదం సుకుమారంగా ఉంటుంది. అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ వయొలిన్ లాగా పలకను చెక్కి వంపు తెచ్చే పద్ధతికి 1898లో పేటెంటు పొందాడు. ఆ బాటలో వచ్చినవే నేడు ఎక్కువగా కనిపించే ‘ఏ’, ‘ఎఫ్’ రకాలు. ‘ఏ’ రకం కన్నీటి బొట్టు ఆకారంలో నిరాడంబరంగా ఉంటుంది. ఎఫ్ రకానికి భుజం దగ్గర చుట్ట తిరిగిన కొమ్ము, కింద కోసుగా పొడుచుకొచ్చిన మొనలు ఉంటాయి. గిబ్సన్ కంపెనీలో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో 1922లో వెలువడిన ఎఫ్-5 నమూనాను బిల్ మన్రో అమెరికా జానపద శైలి అయిన బ్లూగ్రాస్ సంగీతంలో ప్రసిద్ధికి తెచ్చినప్పటి నుంచి అందరికీ ఆ కొమ్ము మీదే మోజు. కాని ఆ కొమ్ము చెక్కడానికి పట్టే శ్రమకే ధర పెరుగుతుంది తప్ప నాదంలో దాని వల్ల వచ్చే తేడా స్వల్పం. ఒకే సొమ్ముకు రెండు రకాలు దొరికితే ‘ఏ’ రకాన్నే తీసుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ డబ్బు అలంకారానికి కాక కలపకూ పనితనానికీ వెళ్ళి ఉంటుంది. నాదాన్ని ఎక్కువగా మార్చేది పలక మీది రంధ్రం: గుండ్రటి లేదా కోడిగుడ్డు ఆకారపు రంధ్రం ఉన్నది నిండుగా, తీయగా పలుకుతుంది, వయొలిన్‌కు ఉన్నట్టు ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు ఉన్నది పదునుగా పలికి నలుగురి మధ్య వినిపిస్తుంది.

పై పలక అఖండమైన స్ప్రూస్ కలపదా, పొరలు అతికించినదా అన్నది రంధ్రం అంచున చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది. పైనున్న కలప గీతలు అంచు మందం గుండా కిందికి సాగితే అది అఖండ పలక. వాడిన వాద్యమైతే బ్రిడ్జి కింద పలక కుంగిందేమో, మొదటి మూడు మెట్ల మీద తీగలు గాట్లు చేశాయేమో, మెడ వంగిందేమో చూడాలి. గుండ్రటి వీపు ఉన్న పాత వాద్యం దొరికితే మాత్రం దానికి సన్నని తీగలే వేయాలి; నేటి మందపాటి తీగల లాగుడుకు అది తట్టుకోలేదు.

గమకాలు ప్రధానంగా వాయించాలనుకునేవారు ఇంకొక విషయం ఆలోచించుకోవాలి. బిగువైన జంట తీగలను పక్కకు లాగి ఊపడం కష్టం, లాగినా రెండు తీగలూ ఒక్క తీరుగా సాగవు. యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని వాయించడానికి ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద నాలుగు జతలకు బదులు అయిదు ఒంటి తీగలు అమర్చుకున్నది ఇందుకే. పాటలు, జానపద బాణీలు, పాశ్చాత్య స్వరరచనలు వాయించేవారికి జంట తీగల వాద్యమే సరైనది.

శ్రుతి వయొలిన్‌దే: మందపు తీగ నుంచి సన్నని తీగకు జి, డి, ఎ, ఇ, వాటి కంపనాలు సెకనుకు వరుసగా 196, 294, 440, 659కి దగ్గరగా ఉంటాయి. ఏ తీగను షడ్జం అనుకున్నా దాని పక్క సన్నని తీగ పంచమం అవుతుంది. జతను శ్రుతి చేయడంలో ఒక మెళకువ ఉంది. జతలో ఒకదాన్ని వేలితో ఆపి రెండోదాన్ని, శ్రుతి చూపే పరికరమైన ట్యూనర్ సాయంతో సరిచేయాలి. తరువాత రెండింటినీ కలిపి మీటి, ట్యూనర్ వైపు చూడకుండా చెవి ఒగ్గాలి. తేడా ఉంటే నాదంలో వూం, వూం, వూం అని ఒక ఊపు వినిపిస్తుంది. ముందు ఆపి ఉంచిన తీగ బిరడను మెల్లగా తిప్పుతుంటే ఆ ఊపు నెమ్మదిస్తుంది, మరింత నెమ్మదించి, ఒక చోట పూర్తిగా ఆగిపోతుంది. అదే సరైన చోటు. దాటిపోతే బాగా కిందికి సడలించి మళ్ళీ కింది నుంచే పైకి రావాలి. పై నుంచి దించి ఆపితే బిరడ పళ్ళలో మిగిలిన వదులు కాసేపట్లోనే శ్రుతిని జార్చేస్తుంది.

తీగలను మీటడానికి వాడే పిక్ 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి. పలుచటి పిక్ తీగ కంటే ముందు తానే చప్పుడు చేస్తుంది. దానిని చూపుడువేలి పక్కభాగానికీ బొటనవేలికీ మధ్య, జారిపోకుండా ఉండేంత గట్టిగా మాత్రమే పట్టుకొని మణికట్టుతో మీటాలి. ఎడమచేతి వేళ్ళు మెట్టు మీద కాక, నట్ వైపున, మెట్టుకు ఆనీ ఆననట్టుగా నొక్కాలి. ఆ చోట సగం బలమే సరిపోతుంది.

తొలి సాధనకు డి తీగను షడ్జంగా తీసుకోవచ్చు. ఖాళీ తీగ స, రెండో మెట్టు మీద చూపుడువేలు రి, నాలుగో మెట్టు మీద మధ్యవేలు గ, అయిదో మెట్టు మీద ఉంగరపువేలు మ. పంచమానికి పక్క తీగను ఖాళీగా మీటితే చాలు; ఆ తీగ మీద మళ్ళీ అవే మెట్లు, అవే వేళ్ళు ద, ని, పై స పలికిస్తాయి. ఇది శంకరాభరణం. రెండు తీగల మీదా చూపుడువేలిని రెండో మెట్టు నుంచి మొదటి మెట్టుకు జరిపితే, మిగతా వేళ్ళు కదలకుండానే మాయామాళవగౌళ వస్తుంది. సరళి వరుసలు తెలిసినవారికి ఈ ఒక్క అమరికే నెలరోజుల పని కల్పిస్తుంది. రోజుకు గంటసేపు ఒకేసారి కూర్చోవడం కంటే పావుగంట చొప్పున రెండు మూడు సార్లు కూర్చోవడం వేలికొనలు గట్టిపడేదాకా మేలు.

పొట్టి తీగల నాదం త్వరగా ఆరిపోతుంది కనుక దీర్ఘస్వరాన్ని నిలపడానికి పిక్‌ను కిందికీ పైకీ వెంట వెంటనే ఆడిస్తారు. దానినే ట్రెమొలో అంటారు. వేగంతో మొదలుపెడితే చేయి బిగుసుకుపోతుంది. లయ తప్పకుండా దెబ్బలు వినిపించే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద ఉంచి, దెబ్బకు నాలుగు మీట్లు చొప్పున, కింది మీటూ పై మీటూ ఒకే బలంతో పలికేదాకా వాయించాలి. పై మీటు ఎప్పుడూ బలహీనంగానే ఉంటుంది, దానినే వినాలి. మోచేయి బిగుస్తున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపేయాలి.

తీగలు మసకబారి నాదం మొద్దుబారినప్పుడు మార్చాలి. మొదటిసారి నేను ఎనిమిదింటినీ ఒకేసారి ఊడదీశాను. ఆఖరి తీగ వదులవగానే బ్రిడ్జి నేల మీద పడింది, దాని పాత చోటు ఎక్కడో గుర్తు లేదు, పై మెట్ల మీద ఒక్క స్వరమూ కుదరక వారం రోజులు నా చెవులనే అనుమానించాను. బ్రిడ్జి పాదాల పక్కన పెన్సిల్‌తో సన్నని గుర్తు పెట్టుకొని, పాత తీగ ఒకటి తీసి, దాని చోట కొత్తది వేసి, శ్రుతికి తెచ్చిన తరువాతే మరో తీగ జోలికి వెళ్ళాలి. కొత్త తీగలు రెండు మూడు రోజుల పాటు సాగుతూనే ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో ప్రతి పది నిమిషాలకూ ఆగి శ్రుతి చూసుకోవాలి.