ఒకే వీడియో, పది మంది చూపులు: తేడా మనిషిదా, మిషన్‌దా?

ఒకే షాట్ చూపించినా ఒకరి కళ్లు మొహాల వెంట పోతాయి, ఇంకొకరివి బోర్డుల మీద ఆగుతాయి. ఐ ట్రాకర్‌తో (చూపు తెర మీద ఎక్కడ పడుతోందో పట్టే మిషన్) ఈ తేడా కొలిచేటప్పుడు మిషన్ తప్పు మనిషి అలవాటుగా లెక్కలోకి రాకుండా చూసుకోవడమే అసలు పని.

కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ట్రైపాడ్ మీద 20 సెకన్ల షాట్లు ఓ ముప్పై తీయండి. మొహాలు, బోర్డులు, కదిలే ఆటోలు ఒకే ఫ్రేములో ఉండాలి. మధ్యలో కట్ వద్దు. షాట్ మారగానే దాదాపు అందరి చూపూ తెర మధ్యకే పోతుంది.

గదిలోకి ఎండ రానివ్వకండి. ట్రాకర్ కనుపాపను ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతోనే వెతుకుతుంది, ఎండలోనూ అదే ఉంటుంది. మన ఎండకు పలచటి కర్టెన్ ఏ మూలకూ చాలదు. కంటికీ తెరకూ 60 సెంటీమీటర్ల దూరం, గడ్డం ఆనించడానికి స్టాండు ఉండాలి. కింద చక్రాలుండి జరిగే ఆఫీసు కుర్చీ వద్దే వద్దు. కాటుక పెట్టుకుని రావద్దని ముందురోజే చెప్పండి: ఆ నలుపును మిషన్ కనుపాప అనుకోవచ్చు. వచ్చాక తుడిపిస్తే కళ్లు నీళ్లు కారతాయి.

తెర మీద తొమ్మిది చుక్కలు ఒక్కొక్కటే చూపించి మిషన్‌ను ఆ మనిషి కళ్లకు సరిపెట్టి (క్యాలిబ్రేషన్), వెంటనే సరిచూడండి. తప్పు చూపు కోణంలో అర డిగ్రీ దాటితే మళ్లీ చేయాల్సిందే. 60 సెంటీమీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే తెర మీద సుమారు ఒక సెంటీమీటరు. ఆటో డ్రైవర్ మొహం తెర మీద అంతే ఉండి, పక్కనే టీ కొట్టు బోర్డు ఉందనుకోండి. ఒక్క డిగ్రీ జరిగితే చాలు, మొహాలు చూసే మనిషి బోర్డులు చదివేవాడిగా తేలతాడు. అందుకే ప్రతి ఐదు క్లిప్పులకూ తెర మధ్య ఒక చుక్క చూపించి, చూపు దాని మీదే పడుతోందో లేదో చూడండి.

"ఊరికే చూడండి" అని మాత్రమే చెప్పండి. అడిగే ప్రశ్న మారితే చూపు నడిచే దారే మారుతుందని సోవియట్ శాస్త్రవేత్త యార్బస్ 1960లలోనే చూపించాడు.

లెక్కకు వచ్చేసరికి విసుగు పుట్టించే పని మొదలవుతుంది. చూపు మొహం మీద పడిందో లేదో లెక్కించడానికి మొహం చుట్టూ ఒక గడి గీయాలి, అది మొహంతో పాటే కదలాలి. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో క్లిప్పులో 600. పది ఫ్రేములకొకసారి చేత్తో గీసి, మధ్యవి సాఫ్ట్‌వేర్‌కు వదిలేయండి. తర్వాత ఒక్కొక్కరూ మొహాల మీద గడిపిన సమయం శాతాన్ని బేసి, సరి క్లిప్పులకు విడివిడిగా తీయండి. రెండింట్లోనూ ఎక్కువ చూసినవాళ్ల నుంచి తక్కువ చూసినవాళ్ల దాకా మనుషుల వరస దాదాపు ఒకేలా ఉంటేనే దాన్ని వాళ్ల అలవాటు అనొచ్చు. వారం తర్వాత కొత్త క్లిప్పులతో మళ్లీ చూడండి. పాతవైతే ముందే తెలిసిన చోటికి కళ్లు పోతాయి.

చూసిన సమయంలో నాలుగో వంతుకు మించి సిగ్నల్ పోయినవాళ్లను, అంటే మిషన్‌కు కళ్లు దొరకనివాళ్లను, పక్కన పెట్టండి. అలా పోయేది ఎక్కువగా కళ్లద్దాలవాళ్లే అయితే, అద్దాల మీద మెరుపు పడకుండా ట్రాకర్ ఎత్తు మార్చి వాళ్లను మళ్లీ పిలవండి.