షోగ్రెన్స్ ఉన్నవాళ్ల పళ్లు ఎందుకు వరసగా పుచ్చుతాయి: సమస్య, కారణం, పరిష్కారం

షోగ్రెన్స్ జబ్బులో నోట్లోకి కొత్త సూక్ష్మజీవులేవీ వచ్చి చేరవు. అందరి నోట్లో ఉండేవే ఉంటాయి, వాటిని అదుపులో పెట్టే ఉమ్మే తగ్గిపోతుంది. శరీర రక్షణ వ్యవస్థ లాలాజల గ్రంథుల మీదే దాడికి దిగడంతో ఊట పడిపోయి, ఆమ్లాన్ని తట్టుకోగల స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్, లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియాలు, కాండిడా అనే ఫంగస్ పెరుగుతాయి. అందుకే ‘క్రిముల్ని చంపే’ మౌత్‌వాష్ ఒక్కటే నమ్ముకుంటే డబ్బు దండగ. పంటి మీద ఆమ్లం నిలిచే సమయం తగ్గాలి, ఫ్లోరైడ్ అందాలి, నోరు తడిగా ఉండాలి.

ముందు ఊట కొలవండి

తిండీ నీళ్లూ ముట్టి గంటన్నర దాటాక, తల కాస్త ముందుకు వంచి కూర్చోండి. నోట్లో ఉన్నది ఒకసారి మింగేసి, అక్కడి నుంచి 15 నిమిషాలపాటు ఊరినదాన్ని చిన్న కప్పులోకి వదలండి. కాఖరించకూడదు, ఏదీ నమలకూడదు. నురగ అణిగాక సూది లేని 5 మి.లీ. సిరంజిలోకి లాగి చూడండి. 1.5 మి.లీ. గానీ అంతకు తక్కువ గానీ వస్తే ఊట బాగా తగ్గినట్టే. దీంతో జబ్బు నిర్ధారణ కాదు. కానీ ‘నోరు ఆరిపోతోందండీ’ అన్న మాట కన్నా ఈ అంకె డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది.

వాడుతున్న మందుల చీటీ కూడా పట్టుకెళ్లండి. సెట్రిజిన్, అమిట్రిప్టిలిన్, ఆక్సీబ్యూటినిన్ లాంటివి నోటిని ఇంకా ఎండబెడతాయి. సొంతంగా ఆపేయకండి, రాసిన డాక్టరునే మార్చమని అడగండి.

చిగురు అంచున పుచ్చు

మామూలుగా పుచ్చు నమిలే పళ్ల గుంటల్లో, పంటి సందుల్లో మొదలవుతుంది. ఇక్కడ చిగురును ఆనుకుని, బయటపడ్డ వేరు మీద, ముందుపళ్ల కొసల మీద వస్తుంది. పెదవి ఎత్తి అద్దంలో చూడండి. చిగురు వెంట సుద్దరంగు గీత కనిపిస్తే అది తొలి దశ, ఫ్లోరైడ్‌తో ఇంకా నిలబెట్టుకోవచ్చు. గోధుమరంగు మచ్చ కనిపిస్తే డెంటిస్టు తాకి చూడాలి: అది తోలులా మెత్తగా ఉంటే పుచ్చు ఇంకా నడుస్తున్నట్టు.

కారణం లెక్కలోనే ఉంది. ఆమ్లం పెరిగేకొద్దీ పీహెచ్ అంకె తగ్గుతుంది. పంటి పైపొర ఎనామెల్ కరగాలంటే పీహెచ్ 5.5 దాకా దిగాలి, వేరుకు 6 పైనే కరుగుడు మొదలవుతుంది. ఉమ్ము బాగా ఊరే నోట్లో తీపి తిన్న గంటలోపే పీహెచ్ తిరిగి కోలుకుంటుంది. ఎండిన నోట్లో ఆ ఆమ్లం కడిగే దిక్కులేక అక్కడే ఉండిపోతుంది. కాబట్టి ఎంత తీపి తిన్నారన్నదాని కన్నా, ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యంగా చూడాలి. నోరు తడవాలని పటికబెల్లం, పిప్పరమెంటు చప్పరించేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ఆ తర్వాతి వరసలో రోజంతా గుక్కగుక్కగా తాగే నిమ్మనీళ్లు, విశాఖ బీచ్‌రోడ్డు గోలీసోడా. మాడుగుల హల్వా తినాలనిపిస్తే భోజనంతోపాటే తినేసి, వెంటనే నీళ్లతో పుక్కిలించండి. భోజనంలో పులుసు మానక్కర్లేదు.

పేస్టు ట్యూబు మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉందో లేదో చదవండి. పళ్లపొడులు, చాలా ‘హెర్బల్’ పేస్టుల్లో అది ఉండదు. మంట పుడితే నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్టుకు మారండి. రోజుకు రెండుసార్లు తోమి, ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. వేరే వేళలో 0.05% సోడియం ఫ్లోరైడ్ ద్రావణం 10 మి.లీ. నిమిషంపాటు పుక్కిలించి, అరగంట ఏమీ ముట్టకండి. కొన్ని దేశాల్లో ఇలాంటివాళ్లకు 5000 పీపీఎం పేస్టు రాస్తారు. మన షాపుల్లో సాధారణంగా 1000 దాటదు కాబట్టి, 3 నెలలకోసారి డెంటిస్టు పూసే 5% సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ మనకు మరీ ముఖ్యం. ఫ్లోరైడ్ జెల్ పెడతామంటే ఆమ్లం కలపని న్యూట్రల్ రకం అడగండి. నడుస్తున్న వేరు పుచ్చును 38% సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ఆపగలదు, కానీ మచ్చ నల్లబడుతుంది. ముందుపంటికి ముందే ఆలోచించుకోండి.

వీధి చివరి క్లినిక్‌లో పుచ్చు పూడ్చి పంపేస్తుంటే, విశాఖ దగ్గరి రుషికొండ గీతం డెంటల్ కాలేజీలోనో, సంగివలస అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీలోనో ఓరల్ మెడిసిన్ విభాగానికి వెళ్లండి.

నాలుక మంట, పెదవి మూలల పగుళ్లు

కారం తగిలితే భగ్గుమనడం, నాలుక ఎర్రగా నున్నగా అవడం, పెదవి మూలలు పగలడం... ఇవన్నీ కలిసి వస్తే ముందు కాండిడాను అనుమానించాలి. ఈ జబ్బులో తెల్లపూత లేకుండానే వస్తుంది, అందుకే విటమిన్ లోపమనుకుని బి-కాంప్లెక్స్ మింగుతూ కూర్చుంటారు. యాంటీబయాటిక్ వాడితే ఫంగస్ ఇంకా పెరుగుతుంది. డాక్టరు రాసిన 1% క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్‌ను మంట తగ్గినా చెప్పిన రోజులన్నీ వాడాలి, పెదవి మూలలకూ మందు పూయాలి. కట్టుడుపళ్లు రాత్రి తీసేయాలి, లేదంటే ఫంగస్ మళ్లీ అక్కణ్నుంచే వస్తుంది. ఫ్లూకొనజోల్ మాత్ర రాస్తే, హైడ్రాక్సీక్లోరోక్విన్ గానీ వార్ఫరిన్ గానీ వాడుతున్న సంగతి చెప్పి తీరాలి.

ఒక హెచ్చరిక: అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటున్నవాళ్లకు అంగిట్లో ఎరుపు, తెలుపు మచ్చలుంటే ఫంగస్ మందుతో కాలయాపన చేయకండి, క్యాన్సర్ పరీక్ష చేయించండి.

క్లోర్‌హెక్సిడిన్ 0.2% అవసరమైతే 10 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు, రెండు వారాలు చాలు. ఆల్కహాల్ లేనిదే కొనండి. తోమిన అరగంట తర్వాతే వాడాలి, పేస్టులోని నురగ పదార్థం దాన్ని పనిచేయనివ్వదు. ఎక్కువ రోజులు సాగదీస్తే పళ్లు గారపడతాయి.

రాత్రి నాలుక అంగిట్లో అతుక్కోవడం

విశాఖ గాలిలో తేమకు కొదవలేదు, ఏసీ గది మాత్రం వేరు. నోటితో ఊపిరి పీలిస్తే ఇంకా ఎండుతుంది. మంచం పక్కన మామూలు నీళ్లే పెట్టుకోండి. పడుకునేముందు, పళ్లు తోమక ముందే, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా వంటసోడా కలిపి పుక్కిలిస్తే ఆమ్లం తగ్గుతుంది. పగలు, భోజనం తర్వాత 10 నిమిషాలు జైలిటాల్ గమ్ నమలండి, గ్రంథిలో కొంచెమైనా ఊట మిగిలితేనే ఇది పనిచేస్తుంది. పైలోకార్పిన్ 5 మి.గ్రా. మాత్ర ఊట పెంచుతుంది, చెమటా పెంచుతుంది. మే నెల ఉక్కలో ఇది చిన్న ఇబ్బందేమీ కాదు. అదుపులో లేని ఆస్తమా, కోణం మూసుకునే రకం గ్లకోమా ఉన్నవాళ్లకు పనికిరాదు.

చెవి ముందు వాపు

నొప్పి, జ్వరం, పై దవడ రెండో పెద్దపంటికి ఎదురుగా బుగ్గ లోపలి రంధ్రం నుంచి చీము కనిపిస్తే ఉమ్ము నాళంలోకి బాక్టీరియా ఎక్కినట్టు. అదే రోజు డాక్టరును కలవాలి. ఇక్కడ మాత్రం యాంటీబయాటిక్ అవసరమే. నొప్పి లేకుండా, గట్టిగా, ఒకవైపే వారాల తరబడి ఉండే వాపును రుమటాలజిస్టుకు (షోగ్రెన్స్ లాంటి జబ్బులు చూసే డాక్టరుకు) చూపించి స్కాన్ చేయించండి. షోగ్రెన్స్‌లో లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు మామూలు కన్నా ఎక్కువ.