డంపింగ్ దిగుమతులు, రిజిస్ట్రేషన్ లేని వ్యాపారాలు: తయారీదారులు ఫిర్యాదు ఎలా చేయాలి?

మీరు తయారుచేసే సరుకే బయటి దేశం నుంచి వచ్చి, మీకు ముడిసరుకు ఖర్చు కూడా రాని ధరకు అమ్ముడవుతుంటే ఎవరైనా ముందు అనే మాట డంపింగ్. కానీ చౌకగా వచ్చిందల్లా డంపింగ్ కాదు. వాళ్ల యంత్రాలు మెరుగైనవి కావచ్చు, కరెంటు చవక కావచ్చు. అలాంటప్పుడు ఫిర్యాదు నిలబడదు, నెలల శ్రమ వృథా అవుతుంది.

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోండి

ఎగుమతిదారు తన దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకు మీ దేశానికి పంపితే అది డంపింగ్. అది వాణిజ్య పరిహారాలు, అంటే డంపింగ్ సరుకు మీద వేసే అదనపు సుంకం (యాంటీ డంపింగ్ సుంకం) లాంటివి చూసే అధికారుల పని. ఇన్వాయిస్‌లో ధర తగ్గించి రాసినా, ఒక సరుకును మరో సరుకుగా చూపినా అది కస్టమ్స్‌కు చెప్పాల్సిన విషయం. రిజిస్ట్రేషన్ లేకుండా, పన్ను కట్టకుండా అమ్మేవాళ్ల సంగతి పన్నుల శాఖది. ఒకే సరుకు విషయంలో మూడూ జరుగుతుండవచ్చు. అయినా మూడింటినీ ఒకే కాగితం మీద కలిపి రాస్తే ఎవరూ పట్టించుకోరు.

డంపింగ్ ఎంతో లెక్క కట్టండి

రెండు ధరలనూ ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధరలుగా మార్చి పోల్చాలి. అంటే రవాణా, బీమా, కమీషన్ తీసేయాలి. రకం ఒకటే ఉండాలి, కాలం కూడా దాదాపు ఒకటే ఉండాలి. ఎగుమతిదారు సొంత దేశంలో ధర 100, ఎగుమతి ధర 80 అనుకుందాం. తేడా 20. దాన్ని 80తో భాగిస్తే డంపింగ్ మార్జిన్ 25 శాతం. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల ప్రకారం ఈ మార్జిన్ 2 శాతం కన్నా తక్కువైతే కేసు మూసేస్తారు. మీ దేశానికి వచ్చే ఆ సరుకు మొత్తం దిగుమతుల్లో ఒక దేశం వాటా 3 శాతం కూడా లేకపోతే సాధారణంగా ఆ దేశాన్ని వదిలేస్తారు. అలాంటి చిన్న వాటాలున్న దేశాలన్నీ కలిపి 7 శాతం దాటితే మాత్రం వదలరు.

అక్కడి ధర ఎలా తెలుస్తుంది? ధరల పట్టికలు, కొటేషన్లు, వ్యాపార పత్రికలు వెతకండి. దొరకకపోతే తయారీ ఖర్చుకు న్యాయమైన ఇతర ఖర్చులు, లాభం కలిపి అంచనా వేయవచ్చు.

ఒంటరిగా వెళ్లొద్దు

ఫిర్యాదును బలపరిచేవాళ్ల ఉత్పత్తి దేశంలోని మొత్తం ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి. అభిప్రాయం చెప్పిన తయారీదారుల ఉత్పత్తిలో సగానికి పైగా మీ వైపే ఉండాలి. ఒక చేత్తో తయారుచేస్తూ ఇంకో చేత్తో అదే సరుకును దిగుమతి చేసుకునే సభ్యులుంటే ముందే తెలుసుకోండి. వాళ్లను లెక్కలోంచి తీసేసే అవకాశం ఉంది. సంఘం మీటింగులో ఈ ప్రశ్న అడగడానికి అందరికీ మొహమాటమే, కానీ అడగక తప్పదు.

నష్టానికి కారణం దిగుమతులేనని చూపండి

చాలా ఫిర్యాదులు ఇక్కడే బలహీనపడతాయి. కనీసం మూడేళ్ల లెక్కలు పెట్టండి: ఉత్పత్తి, అమ్మకాలు, మార్కెట్ వాటా, లాభం, సామర్థ్యంలో ఎంత వాడుతున్నారు, గోడౌన్‌లో పేరుకున్న నిల్వ, ఉద్యోగాలు. దిగుమతులు పెరిగిన నెలల్లోనే ఇవి పడిపోయాయని కనిపించాలి. వేరే కారణాల వల్ల వచ్చిన నష్టాన్ని దిగుమతుల ఖాతాలో వేయకూడదన్నది నియమం. మీ అమ్మకాలను దెబ్బతీసింది పక్క వీధిలో బిల్లు లేకుండా అమ్మేవాడైతే అవతలి లాయరు మొదట చూపించేది అతన్నే. అందుకే ఆ నష్టాన్ని మీరే విడదీసి చూపించడం మంచిది.

మీ ఖర్చుల వివరాలు పోటీదారుల చేతికి వెళ్తాయని టెన్షన్ వద్దు. రహస్యంగా ఉంచమని కారణం చెప్పి అడగవచ్చు, అయితే బయటికి ఇవ్వదగిన సారాంశం జతచేయాలి. దర్యాప్తు మామూలుగా ఏడాదిలో, ఎంత ఆలస్యమైనా 18 నెలల్లో ముగియాలి. దర్యాప్తు మొదలైన 60 రోజుల లోపు తాత్కాలిక సుంకం వేయరు. ఈలోగా జీతాలు, అప్పులు ఎలా నడపాలో ముందే చూసుకోండి.

బిల్లు లేని వ్యాపారం మీద

"అందరికీ తెలుసు" అన్నది సాక్ష్యం కాదు. ఆ సరుకు ఒకటి కొనండి, బిల్లు అడగండి, ఇవ్వకపోతే తేదీ, చోటు రాసుకోండి. లేబుల్ మీద తయారీదారు చిరునామా, నాణ్యత గుర్తు ఉన్నాయో లేదో ఫోటో తీయండి. మీరే వెళ్లి గోడౌన్ తాళాలు తీయించే పని మాత్రం పెట్టుకోవద్దు. మీ సభ్యుల్లో ఎవరైనా అక్కడే బిల్లు లేకుండా కొంటున్నారేమో కూడా చూడండి. భయం వల్లో తెలియకో రిజిస్టర్ కాని చిన్న తయారీదారులుంటే ఫారాలు నింపడంలో సాయం చేసి సంఘంలో చేర్చుకోండి. లెక్కలున్న ఉత్పత్తి పెరిగితే ఫిర్యాదుకు మద్దతు చూపించడం తేలికవుతుంది.

సుంకం పడ్డాక

అదే సరుకు మూడో దేశం మీదుగా వస్తోందా, చిన్న మార్పుతో కొత్త పేరు పెట్టుకుందా అని దిగుమతి గణాంకాలను నెలనెలా చూడండి. యాంటీ డంపింగ్ సుంకం సాధారణంగా ఐదేళ్లకు ముగుస్తుంది. కొనసాగాలంటే గడువుకు తగినంత ముందే సమీక్ష కోరాలి. దానికీ ఈ లెక్కలే మళ్లీ కావాలి కాబట్టి సుంకం వచ్చింది కదా అని లెక్కలు రాయడం ఆపకండి.