పాత మ్యూజిక్ ప్లేయర్‌లో బ్యాటరీ శాతం తప్పుగా చూపితే: నా అనుభవం

హార్డ్ డిస్కుతో పనిచేసే నా పాత ప్లేయర్, ఛార్జింగ్ 60 శాతం ఉందని చూపుతూనే ఉన్నట్టుండి ఆగిపోయేది. కాసేపాగి ఆన్ చేస్తే మళ్లీ దాదాపు అదే అంకె కనిపించేది. అందులో రాక్‌బాక్స్ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉండడం ఎంతో కలిసివచ్చింది, ఎందుకంటే లోపాలను పరిశీలించడానికి ఉండే దాని డీబగ్ మెనూలో బ్యాటరీ వోల్టేజీని నేరుగా చూడవచ్చు.

తెర మీది శాతం వోల్టేజీని బట్టి వేసే అంచనా మాత్రమే. లిథియం అయాన్ బ్యాటరీ నిండినప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఉండి, తరువాత చాలాసేపు 3.7 దరిదాపుల్లోనే నిలకడగా సాగుతుంది కనుక, ఆ మధ్య భాగంలో కొద్దిపాటి తేడా కూడా శాతాన్ని బాగా మార్చేస్తుంది. నా ప్లేయర్‌లో డిస్కు తిరగడం మొదలైన ప్రతిసారీ వోల్టేజీ ఒక్కసారిగా కుంగి, డిస్కు ఆగగానే మళ్లీ లేచేది. అంటే బ్యాటరీ అంతర్గత నిరోధం (విద్యుత్తుకు బ్యాటరీ లోపలే ఎదురయ్యే అడ్డు) పెరిగిపోయిందన్నమాట. ఇటువంటి దానికి ఎన్నిసార్లు ఛార్జింగ్ పెట్టినా ప్రయోజనం ఉండదని నా గట్టి అభిప్రాయం.

కొత్త బ్యాటరీ వేయించి, దాని మీద ముద్రించిన సామర్థ్యాన్ని సెట్టింగుల్లో నమోదు చేశాను; మిగిలిన సమయపు అంచనా దాని మీదే ఆధారపడుతుంది. పాత బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం దానిని గుచ్చకుండా, వంచకుండా తీయించాలి. నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ (FLAC) రూపంలోని పాటల ఫైళ్లు పెద్దవి కావడంతో డిస్కు తరచుగా తిరగవలసి వస్తుంది కనుక, ప్రయాణాలకు ఎంపీ3 ప్రతులే పెట్టుకుంటున్నాను.