గండికోట ఎండలో వాటర్‌కలర్‌కు చారలు పడకుండా

గండికోట అంచున కూర్చుని పెన్నా లోయను డైరీలో వేసుకుందామంటే మొదట చెడేది ఆకాశం. వాష్ (నీళ్లెక్కువ కలిపి వేసే పల్చటి రంగు పూత) సగం దిగేలోపే పై అంచు ఆరిపోతుంది. దాని మీద మళ్లీ తడి కుంచె తగిలితే గట్టి గీత మిగులుతుంది. తప్పు రంగుది కాదు, కడప ఎండా లోయ గాలీ కలిసి కాగితంలోని తడిని లాగేస్తాయి.

నాకు పనిచేసిన పద్ధతి ఇది. పల్చటి కాగితాల డ్రాయింగ్ బుక్ మానేసి, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) కాటన్ కాగితాన్ని పోస్ట్‌కార్డు సైజుకు కోసుకోవాలి. మొదట వెనకవైపు బాగా తడిపి, రెండు నిమిషాలాగి, ముందువైపు కూడా తడిపి ప్లాస్టిక్ అట్టకు అంటించాలి. వెనక తడి ఉన్నంతసేపూ ముందు రంగు కదులుతూనే ఉంటుంది. వాష్‌కు కావలసిన రంగంతా ముందే కలుపుకోవాలి. మధ్యలో కలపడానికి ఆగారా, గీత పడినట్టే. కుంచె 12వ నంబరు గుండ్రనిది, చిన్నది వద్దే వద్దు. రంగు తొందరగా ఆరకుండా కొందరు నీళ్లలో గ్లిజరిన్ వేస్తారు. చిన్న గ్లాసుకు రెండు చుక్కలు చాలు, ఎక్కువైతే బొమ్మ జిగటగా ఉండిపోయి, డైరీలో పెట్టాక ఎదుటి పేజీకి అంటుకుంటుంది.

ఎర్ర రాళ్లకు బర్న్ట్ సియన్నా అనే ఎర్రటి గోధుమ రంగు. నీడకు నలుపు వాడకండి, రాయి చచ్చిపోయినట్టుంటుంది. అదే సియన్నాలో అల్ట్రామెరైన్ నీలం కలిపితే సరైన బూడిద రంగు వస్తుంది. గీతలకు నీళ్లకు చెదరని పిగ్మెంట్ ఇంకు పెన్నే వాడాలి. తేదీ, వేళ, ఎక్కడ కూర్చున్నారో కాగితం పూర్తిగా ఆరాక వెనకవైపు పెన్సిల్‌తో రాసుకోండి.