పాత విండోస్‌ని పారేయకుండా కొత్తదానికి మారే చిట్కా

పాత కంప్యూటర్‌లో కొత్త విండోస్ వేద్దామంటే, రోజూ వాడే ఏదో ఒక పాత సాఫ్ట్‌వేర్ ఆగిపోతుందేమోనని భయం. ఇన్‌స్టాల్ చేసిన సీడీ ఎప్పుడో పోయి ఉంటుంది. అలాంటప్పుడు పాత సిస్టమ్ మొత్తాన్నీ ఒక ఫైల్‌గా దాచుకోవచ్చు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్ఇంటర్నల్స్ అనే టూల్స్ సెట్‌లో డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న టూల్ ఉంది, ఉచితమే. పాత విండోస్ 7 నడుస్తుండగానే దాన్ని తెరిచి, సీ డ్రైవ్‌తో పాటు, విండోస్ మొదలవడానికి కావాల్సిన సిస్టమ్ రిజర్వ్‌డ్ భాగానికీ టిక్ పెట్టండి. వీహెచ్‌డీఎక్స్ (డిస్క్ ఫైల్‌లో కొత్త రకం) టిక్ మాత్రం తీసేయండి. ఫైల్‌ని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి పంపండి. సీ డ్రైవ్‌లో నిండినంత కంటే కాస్త ఎక్కువ ఖాళీ అందులో ఉండాలి.

కొత్త విండోస్ వేశాక వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని, అందులో 2 జీబీ ర్యామ్‌తో కొత్త మెషీన్ తయారుచేసి, డిస్క్ అడిగిన చోట ఈ ఫైల్ చూపించండి. నీలం తెర వచ్చి ఆగితే కంగారు పడొద్దు, స్టోరేజ్ సెట్టింగ్‌లో డిస్క్‌ని శాటా నుంచి ఐడీఈకి మార్చి చూడండి. ఆ మెషీన్‌కి నెట్ ఆపేయడం మంచిది, విండోస్ 7కి భద్రతా అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. అసలు కంప్యూటర్‌లో కనీసం 8 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది.

వెనకాల ప్రింటర్ పోర్టుకి తగిలించే పాతకాలపు డాంగుల్ (లైసెన్స్ ఉందని చూపించే చిన్న పరికరం) అడిగే సాఫ్ట్‌వేర్‌కి ఈ పద్ధతి పనికిరాకపోవచ్చు. అందుకే పాత డిస్క్‌ని చెరిపే ముందే ఆ ఫైల్‌ని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి, మీ సాఫ్ట్‌వేర్ నడుస్తోందో లేదో చూసుకోండి.