మాల వేసుకునే ముందు: రోజూ తాగేవారి ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

కార్తీక మాసం దగ్గర పడుతుండగా అయ్యప్ప దీక్షకు సిద్ధమయ్యేవారిలో ఏళ్ల తరబడి రోజూ తాగే అలవాటున్నవారు కూడా ఉంటారు. 41 రోజులు మద్యం ముట్టకుండా ఉండగలిగితే ఇంటికీ ఒంటికీ అంతకన్నా కావలసింది లేదు. ఆ సంకల్పాన్ని ఎవరూ నీరుగార్చకూడదు. అయితే రాత్రి వరకు తాగి, తెల్లవారుజామున తలస్నానం చేసి మాల వేసుకోవడం, అంటే ఒక్క పూటలో పూర్తిగా మానేయడం, కొందరికి ప్రాణం మీదికి తెస్తుంది. ఎప్పుడో పండక్కో పబ్బానికో తాగేవారికి ఈ భయం అక్కర్లేదు. పొద్దున లేవగానే చేతులు వణుకుతూ, ఒక గుక్క గొంతులో పడితే తప్ప ఆ వణుకు ఆగనివారిని దృష్టిలో పెట్టుకునే ఇక్కడ చాలా వరకు రాస్తున్నాను.

మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అణచే రసాయనం గాబా, రెచ్చగొట్టేది గ్లుటమేట్. మద్యం మొదటిదాని పనిని పెంచి రెండోదాని పనిని తగ్గిస్తుంది కనుకనే తాగినవారికి తొలుత హాయిగా, ఆ తరవాత మత్తుగా ఉంటుంది. ఇది రోజూ జరుగుతుంటే మెదడు చూస్తూ ఊరుకోదు. గాబాకు స్పందించడం తగ్గించుకుని, గ్లుటమేట్‌కు స్పందించడం పెంచుకుని లెక్క సరిచేసుకుంటుంది. ఒకప్పుడు క్వార్టర్‌తో ఎక్కిన మత్తుకు కొన్నేళ్లయ్యాక రెండు క్వార్టర్లు కావలసి రావడానికి ఒక ముఖ్య కారణం ఇదే. అలా సర్దుకున్న మెదడుకు మద్యం ఉన్నట్టుండి ఆగిపోతే అణచే బలం చాలక, రెచ్చగొట్టే బలానిదే పైచేయి అవుతుంది. అప్పుడు పుట్టే వణుకును చూసి భక్తి చాలలేదనో మనసు గట్టిది కాదనో దెప్పడం తెలియనితనం.

చివరిసారి తాగిన 6 గంటల నుంచి వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. అసలు గండం రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఉంటుంది. ఈ దశలో కొందరికి మతి స్థిమితం తప్పుతుంది. పగలో రాత్రో తెలియదు, గోడ మీద లేని చీమలు కనబడతాయి, దుప్పటి మీద లేని దారపు పోగులను ఒక్కొక్కటిగా ఏరుతుంటారు. తాపీమేస్త్రీ అయితే చాప మీద కూర్చునే ఇటుక మీద ఇటుక పేర్చి, చేతిలో లేని తాపీతో సున్నం సర్దుతుంటాడు. పీఠం దగ్గర ఇలా జరిగితే స్వామి పూనాడని దణ్ణం పెట్టేవారూ ఉంటారు, గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారూ ఉంటారు. వైద్యం అందకపోతే ఈ స్థితి ప్రాణాంతకం. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు దుకాణాలు మూతబడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి లక్షణాలతో జనం పెద్ద సంఖ్యలో వచ్చారు.

కాబట్టి మాల తేదీకి కనీసం పది పదిహేను రోజుల ముందే ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్యుణ్ణి కలవాలి. ఎంత తాగుతున్నదీ తగ్గించి చెప్పకూడదు. చాలామంది తగ్గించే చెబుతారు, అందుకే భార్య గానీ అన్నదమ్ములు గానీ వెంట వెళ్లడం మంచిది. గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా, కాలేయ జబ్బు ఉన్నా, తలకు దెబ్బ తగిలి ఉన్నా ఇంట్లో మానే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రిలో చేరాలి. ప్రతి ఏడూ మాలకు మాని, మాల తీయగానే మళ్లీ మొదలుపెట్టేవారు, పోయినేడు ఏమీ కాలేదన్న ధీమాతో ఉండకూడదు, ఎందుకంటే మానిన ప్రతిసారీ మెదడు మరింత సున్నితమై, తరవాతిసారి లక్షణాలు ముదరవచ్చు. మిగిలినవారికి వైద్యులు కొన్ని రోజుల పాటు మోతాదు క్రమంగా తగ్గిస్తూ వాడే మాత్రలు ఇస్తారు. అవే మాత్రలను మెడికల్ షాపులో అడిగి సొంతంగా వాడటం, వాటి మీద మద్యం తాగడం ప్రమాదకరం.

బాగా తాగేవారిలో థయమిన్ అనే బి1 విటమిన్ తరుగుతుంది. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజ్ సీసా ఎక్కించడం మనకు అలవాటే గానీ, థయమిన్ ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే ఆ కొరత ముదిరి మెదడు దెబ్బతినవచ్చు. నడక తూలడం, చూపు నిలవకపోవడం, అయోమయం దాని గుర్తులు. సీసా పెట్టే ముందు ‘తాగే మనిషి’ అని చెప్పి, బి1 ఇంజెక్షన్ సంగతి అడగండి. అలాగే తాగుడు మాన్పిస్తుందని ఎవరో ఇచ్చిన పొడిని అతనికి తెలియకుండా కూరలో కలపకండి. అందులో తాగుడు మాన్పించడానికి వైద్యులు వాడే డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, పైన మద్యం పడగానే రక్తపోటు కుప్పకూలవచ్చు.

కల్లు చెట్టు నుంచి దిగిందే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. తెలంగాణలో డయజెపామ్, ఆల్‌ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కల్లు పలుమార్లు పట్టుబడింది. దానికి అలవాటుపడినవారు మానేసినా ఫిట్స్ రావచ్చు. పైగా అవి కొన్ని రోజులు ఆలస్యంగా కూడా మొదలుకావచ్చు.

మొదటి వారం మనిషిని ఒంటరిగా ఉంచకూడదు, బండి ఇవ్వకూడదు, చెరువులో నదిలో స్నానానికి పంపకూడదు. చన్నీటి స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం ఆ వారానికి సడలించమని గురుస్వామినే అడగండి. నిద్ర సరిగ్గా కుదరడానికి వారాలు పడుతుంది, పీడకలలూ ఎక్కువగానే వస్తాయి. ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిలపెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా 108కి ఫోన్ చేయాలి. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టినంత మాత్రాన ఫిట్స్ ఆగవు. మాటలో మార్పు కనబడినా, లేనివి చూస్తున్నా తెల్లవారే దాకా ఆగవద్దు. సలహా కోసమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

తాగుడు లేకపోయినా మానసిక జబ్బుకో మూర్ఛకో మాత్రలు వాడుతున్నవారు దీక్ష పేరుతో వాటిని ఆపకూడదు. బైపోలార్ (ఉన్మాదం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నవారికి తెల్లవారుజాము లేవడం, రాత్రి భజనలు కలిసి నిద్ర తగ్గితే ఉన్మాదం తిరగబెట్టవచ్చు. ఆ జబ్బుకు ఇచ్చే లిథియం అనే మందు వాడేవారు ఉపవాసంలో నీళ్లు, ఉప్పు తగ్గిస్తే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు.

మాల తీసే రోజుకూ ముందుజాగ్రత్త కావాలి. అప్పటికి పాత తట్టుకునే శక్తి బాగా తగ్గి ఉంటుంది కనుక, పాత లెక్కనే తాగితే స్పృహ తప్పి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇరుముడి కట్టే వారంలోనే మరోసారి వైద్యుణ్ణి కలిస్తే, తాగాలన్న తహతహ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు ఆ మనిషికి పనికొస్తాయో లేదో చూసి, శబరిమల నుంచి తిరిగి వచ్చేసరికి సిద్ధంగా ఉండేలా రాసిస్తారు.